జేఈఈ మెయిన్‌లో 96.4 పర్సంటైల్, పాపకి ఎన్ఐటీ అవకాశం ఎంత? లాంగ్ టర్మ్‌కి అడ్వాన్స్ కట్టమంటున్నారు

భీమవరం అమ్మ:

నమస్కారం అండీ. మా పాప హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతోంది. పదో తరగతి దాకా ఇక్కడే భీమవరంలో చదివింది, పదిలో మంచి మార్కులొచ్చాయని నలుగురూ చెబితే అక్కడ చేర్పించాం. జనవరి మెయిన్‌లో 96.4 పర్సంటైల్ వచ్చింది. నూటికి తొంభై ఆరంటే మాటలా అని నేను సంతోషపడ్డాను, పాపేమో ఫోన్‌లో ఏడ్చేసింది. వాళ్ల సెక్షన్‌లో చాలామందికి 99 దాటిందట.

మొన్న ఆదివారం కాలేజీకి వెళ్తే డీన్ గారు "ఏప్రిల్‌లో రెండోసారి రాసినప్పుడు 99 ఖాయం అమ్మా, ఒకవేళ రాకపోయినా లాంగ్ టర్మ్ (ఇంటర్ అయ్యాక ఇంకో ఏడాది కోచింగ్) ఉంది, ఇప్పుడే ముప్పై వేలు అడ్వాన్స్ కడితే ఫీజులో తగ్గిస్తాం, నెలాఖరు దాకే" అన్నారు. ఖాయం అన్న నోటితోనే రాకపోతే అని కూడా అనేసరికి నాకు భయం పట్టుకుంది. ఇంటికొచ్చి ఫోన్‌లో రెండు ర్యాంక్ ప్రిడిక్టర్లలో వేసి చూశాను. ఒకదాంట్లో వరంగల్ ఎన్ఐటీ వస్తుందని, ఇంకోదాంట్లో ఏ ఎన్ఐటీ రాదని చూపించింది.

మేం బీసీ-డి, సర్టిఫికెట్ ఉంది. మా ఆయనకి రొయ్యల మేత కొట్టు ఉంది, ఆదాయం అంతంత మాత్రమే. నిజంగా మా పాపకి ఎంతవరకు అవకాశం ఉందో తెలిసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. ఐఐటీ మీద ఆశ పెట్టుకోవచ్చా? ఏదీ రాకపోతే మాకు దగ్గర్లో తాడేపల్లిగూడెం ఎన్ఐటీ ఉంది కదా, లోకల్ కాబట్టి అదైనా వస్తుందని మా ఆయన ధైర్యం. అడ్వాన్స్ కట్టాలా వద్దా?

లెక్కల నాన్న:

అమ్మా, ముందు ఆ ముప్పై వేలు కట్టకండి. మా ఇద్దరు పిల్లల్నీ జోసా (ఐఐటీ, ఎన్ఐటీ సీట్లిచ్చే కౌన్సెలింగ్) దాటించాను కాబట్టి చెబుతున్నాను, ఇప్పుడు మీకు కావాల్సింది ప్రిడిక్టర్ కాదు, ఒక కాగితం, పెన్ను.

పర్సంటైల్ అంటే మార్కుల శాతం కాదు, మీ పాప వెనక ఎంతమంది ఉన్నారో చెప్పే లెక్క. 96.4 అంటే ముందు ఇంకా 3.6 శాతం మంది ఉన్నారు. 2025లో రెండు సెషన్లూ కలిపి మెయిన్ రాసినవాళ్లు సుమారు 14.75 లక్షలు. అందులో 3.6 శాతం అంటే 53 వేల పైచిలుకు. ఈ ఏడాది ఎంతమంది రాశారో ఏప్రిల్ తర్వాత తేలుతుంది, అప్పుడు ఆ అంకె పెట్టి మళ్లీ వేసుకోండి. ఇది అందరినీ కలిపి ఇచ్చే కామన్ ర్యాంకు. ఓబీసీ ర్యాంకు వేరేగా ఇస్తారు, నేను చూసినంతలో అది కామన్ ర్యాంకులో మూడో వంతుకి అటూ ఇటూగా ఉంటుంది.

చాలామంది తల్లిదండ్రులు పొరబడేది ఇక్కడే. జోసా సైట్‌లో గత సంవత్సరాల ఓపెనింగ్, క్లోజింగ్ ర్యాంకులు ఉంటాయి. ఓబీసీ వరుసలో కనిపించేవి ఓబీసీ ర్యాంకులు, కామన్ ర్యాంకులు కావు. 53 వేలు పట్టుకెళ్లి ఓబీసీ వరుస పక్కన పెడితే ఎక్కడా రాదనే కనిపిస్తుంది. మీరు చూసిన ప్రిడిక్టర్లలో ఒకటి అలా తప్పిందో, లేకపోతే స్టేట్ దగ్గర తప్పిందో.

స్టేట్ సంగతి మీకు ముఖ్యం, జాగ్రత్తగా చదవండి. ఎన్ఐటీల్లో సగం సీట్లు హోమ్ స్టేట్ వాళ్లకి. హోమ్ స్టేట్ అంటే సొంత ఊరు కాదు, ఇంటర్ ఎక్కడ పాసైతే అది. మీ పాప హైదరాబాద్‌లో ఇంటర్ పాసవుతుంది కాబట్టి ఎన్ఐటీల వరకు తను తెలంగాణ అమ్మాయి. వరంగల్‌లో హోమ్ స్టేట్ కోటా వర్తిస్తుంది, మీ ఇంటికి అంత దగ్గరున్న తాడేపల్లిగూడెంలో తను అదర్ స్టేట్. మీ ఆయన ధైర్యం ఏ కాలేజీ మీద పెట్టుకున్నారో అది మార్చుకోవాలి, అంతే, అసలు ధైర్యమే వదులుకోనక్కర్లేదు.

ఎంసెట్‌కి (ఇప్పుడు ఏపీలో ఈఏపీసెట్, తెలంగాణలో ఎప్‌సెట్ అంటున్నారు) వచ్చేసరికి ఇదే తిరగబడుతుంది. అక్కడ లోకల్ అంటే ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు వరసగా ఎక్కడ చదివింది, అది కుదరకపోతే ఏడేళ్లలో ఎక్కడ ఎక్కువ చదివింది అని చూస్తారు. ఆరు నుంచి పది భీమవరం, రెండేళ్లు హైదరాబాద్ కాబట్టి తను ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం లోకల్. ఏపీ ఈఏపీసెట్ తప్పకుండా రాయించండి. తెలంగాణ ఎప్‌సెట్‌లో ఇదివరకు 15 శాతం అన్‌రిజర్వ్‌డ్ సీట్లకి మన పిల్లలూ పోటీ పడేవాళ్లు, 2025 నుంచి అవి కూడా తెలంగాణతో సంబంధం ఉన్నవాళ్లకే పరిమితం చేశారు. మీరిద్దరూ మొదటినుంచీ భీమవరంలోనే ఉంటే ఆ దారి మీద లెక్క పెట్టుకోవద్దు.

ఇంకొక్కటి. రాష్ట్రం ఇచ్చిన బీసీ-డి సర్టిఫికెట్ జోసాలో చెల్లదు. కేంద్రం ఓబీసీ జాబితాలో మీ కులం ఉందో లేదో ముందు చూసుకోండి, రాష్ట్రంలో బీసీ అయ్యుండి అక్కడ లేని కులాలు ఉన్నాయి. ఉంటే ఓబీసీ-ఎన్‌సీఎల్ (క్రీమీలేయర్ కాని ఓబీసీ) సర్టిఫికెట్ విడిగా తీసుకోవాలి, అదీ ఈ ఏప్రిల్ 1 తర్వాత తేదీతో ఉండాలి. మా పెద్దాడికి నేను మార్చిలో తీసుకున్నది అప్‌లోడ్ చేశాను. కౌన్సెలింగ్ మధ్యలో క్వెరీ వచ్చింది. గడువులోగా కొత్తది తేవాలని మండుటెండలో రెండు రోజులు ఆఫీసు మెట్ల మీదే కూర్చున్నాను. ఆ టెన్షన్ మీరు పడొద్దు.

వరంగల్ మూడో సంవత్సరం:

ఆంటీ, నేను వరంగల్ ఎన్ఐటీలోనే సివిల్ చదువుతున్నాను. అంకుల్ చెప్పినదానికి ఒకటి కలుపుతాను. జోసా పట్టికలో జెండర్ అని ఒక గడి ఉంటుంది. 2018 నుంచి ఐఐటీల్లో, ఎన్ఐటీల్లో అమ్మాయిల కోసం అదనంగా సీట్లు పెట్టారు. అందుకే ఒకే బ్రాంచికి జెండర్ న్యూట్రల్ అని ఒక వరుస, ఫీమేల్ ఓన్లీ అని ఇంకో వరుస ఉంటాయి. మీరు చూడాల్సింది ఎన్ఐటీ వరంగల్, హోమ్ స్టేట్, ఓబీసీ-ఎన్‌సీఎల్, ఫీమేల్ ఓన్లీ. ఈ నాలుగూ కలిసిన వరుస ఒక్కటే మీ పాపది. నేను నా టైమ్‌లో ఓపెన్ వరుస చూసి నెల రోజులు ఏడ్చాను, అది నా వరుస కాదని తర్వాత తెలిసింది.

ఒక్క ఏడాది చూసి నమ్మకండి, మూడేళ్లవి చివరి రౌండ్‌వి తీసి పక్కపక్కన రాయండి. మూడేళ్లూ మీ పాప ర్యాంకు దాటాకే మూసేసి ఉంటే వస్తుందని గట్టిగా అనుకోవచ్చు. ఒక ఏడాది వచ్చి రెండేళ్లు రానట్టు ఉంటే అది అటో ఇటో. సీఎస్ఈ మాత్రం ఈ ర్యాంకుకి అనుకోకండి, ఇక్కడ మొదటి కొన్ని వేల ర్యాంకుల్లోనే అయిపోతుంది. సివిల్, కెమికల్, మెటలర్జీ, బయోటెక్ వరుసలు చూడండి.

ఆప్షన్లు పెట్టేటప్పుడు రాదనిపించినవి కూడా పైన పెట్టొచ్చు, దానివల్ల కింద ఉన్నవి పోవు. నేను నూట ఇరవై దాకా పెట్టాను. మొదటి రౌండ్‌లో ఎక్కడో దూరంగా ఒక ఎన్ఐటీ వచ్చింది, ఫీజు కట్టి ఫ్లోట్ (ఈ సీటు ఉంచుకుని, ఇంకా మంచిది వస్తే మారతాను అనే ఆప్షన్) పెట్టాను, చివరి రౌండ్లో ఇక్కడికి మారింది. జోసా అయ్యాక మిగిలిన సీట్లకి సీశాబ్ స్పెషల్ రౌండ్లు కూడా ఉంటాయి. మధ్యలో కంగారుపడి బయటికి రాకుండా చూడండి.

ఐఐటీ అడిగారు కదా. దానికి మెయిన్ తర్వాత అడ్వాన్స్‌డ్ అని ఇంకో పరీక్ష రాయాలి. 2025లో ఆ పరీక్ష రాయడానికి మెయిన్‌లో ఓబీసీ కటాఫ్ 79.43 పర్సంటైల్, జనరల్‌కే 93.10. కాబట్టి మీ పాప అడ్వాన్స్‌డ్ రాయగలదు. సీటు సంగతి వేరు, అది మెయిన్ ర్యాంకుతో రాదు, ఆ పరీక్షలో వచ్చే ర్యాంకుతోనే.

భీమవరం అమ్మ:

అసలు అడ్వాన్స్‌డ్ రాయడానికే తనకి అర్హత లేదేమో అనుకుంటున్నాం అండీ, కాలేజీలో అలాగే అన్నారట. అదీ తాడేపల్లిగూడెం సంగతీ ఇప్పుడే తెలిశాయి. ఇంకో మాట. డీన్ గారు 99 ఖాయం అన్నది పూర్తిగా కొట్టిపారేయాలా? మూడు నెలల్లో పెరగదా?

ఫిజిక్స్ సార్:

పద్దెనిమిదేళ్లుగా ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతున్నాను అమ్మా, వాటిలో పన్నెండేళ్లు అలాంటి కాలేజీల్లోనే. ఖాయం అనే మాట పాఠం చెప్పేవాడి నోట రాదు, అడ్మిషన్ల టార్గెట్ ఉన్నవాళ్ల నోట వస్తుంది. అది పక్కన పెట్టండి.

పెరుగుతుందా అంటే, పెరుగుతుంది, ఎంత పెరుగుతుందో మాత్రం మీ పాప రాసిన పేపరే చెబుతుంది. ప్రొవిజినల్ కీ (మొదట ఇచ్చే జవాబుల పట్టిక) ఇచ్చినప్పుడు రెస్పాన్స్ షీట్ కూడా డౌన్‌లోడ్ చేసుకునే వీలుంటుంది, తన దగ్గర ఉందేమో అడగండి. అందులో 75 ప్రశ్నలు, తను ఏ ఆప్షన్ పెట్టిందో పొడుగాటి నంబర్లలో ఉంటుంది, కీ పక్కన పెట్టుకుని ఒక్కోటి సరిచూడాలి, గంట పడుతుంది. తప్పైన ప్రతి లెక్కా తనతో మళ్లీ చేయించండి. మీకు లెక్కలు రాకపోయినా ఫర్వాలేదు, "ఇది తెలియక తప్పా, తెలిసి తప్పా, ఊహించి పెట్టావా" అని అడిగితే చాలు. కరెక్టుకి నాలుగు, తప్పుకి మైనస్ ఒకటి కాబట్టి తెలిసి తప్పు చేసినది ఒక్కోటీ ఐదు మార్కులు. న్యూమరికల్ ప్రశ్నలకీ నెగెటివ్ ఉంది, వాటిలో ఊహించి అంకె వేస్తే తగలదు.

తెలిసి చేసిన తప్పులు ఎక్కువుంటే ఏప్రిల్‌లో బాగా పెరుగుతుంది. తెలియనివే ఎక్కువైతే ఏ చాప్టర్లో చూడాలి. రెండు మూడు చాప్టర్లలోనే గుంపుగా ఉంటే ఇంకా టైమ్ ఉంది. సిలబస్ అంతటా చెల్లాచెదరుగా ఉంటే ఇంత తక్కువ టైమ్‌లో ఎవరూ ఏమీ చెయ్యలేరు. రెండో సెషన్ రాస్తే నష్టం లేదు, రెండింట్లో ఏది మంచిదైతే అదే ర్యాంకుకి తీసుకుంటారు.

కాలేజీ గ్రాండ్ టెస్టుల మార్కులూ అడగండి. ఒకసారి వచ్చిన మంచి మార్కు కాదు, చివరి ఏడెనిమిది టెస్టుల్లో అన్నిటికంటే తక్కువది, ఎక్కువది ఎంతెంత అని. ఆ రెండింటి మధ్యలోనే అసలు పరీక్ష కూడా పడుతుంది, నేను చూసినంతలో.

అడ్వాన్స్‌డ్ గురించి నేనైతే ఆశ పెట్టుకోవద్దని అనను, దానికోసం మిగతావి వదలొద్దంటాను. 2025లో 1,80,422 మంది రాస్తే 54,378 మందికి ర్యాంకులొచ్చాయి, ఐఐటీ సీట్లు 18 వేల చిల్లర. ఆ పేపరు ఏ ఏడాది ఎలా వస్తుందో చెప్పలేం. ర్యాంక్ లిస్టులోకి రావడానికి జనరల్‌కి 2024లో 360కి 109 మార్కులు కావాల్సి వస్తే, మరుసటి ఏడాది 74 సరిపోయాయి. అందుకే ఇన్ని మార్కులొస్తే ఐఐటీ అని ముందే చెప్పేవాళ్ల మాట వినకండి.

ఇంటర్ పరీక్షలు మాత్రం చులకన చెయ్యనివ్వకండి. జేఈఈ పిల్లలు చేసే పెద్ద పొరపాటు అదే. ఎన్ఐటీ సీటుకి ఇంటర్‌లో 75 శాతమైనా ఉండాలి, లేదా బోర్డు టాప్ 20 పర్సంటైల్‌లో ఉండాలి. ఏపీ ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ ఉంది. మీ పాప ఏపీ లోకల్ కాబట్టి అది నేరుగా తనకి పనికొచ్చే పాతిక శాతం. అందులో 160 ప్రశ్నలు, నెగెటివ్ లేదు, వేగం ముఖ్యం, మెయిన్‌కి చదివే తీరు వేరు. మే నెలలో కనీసం పది పేపర్లు టైమ్ పెట్టుకుని రాయమనండి.

కూకట్‌పల్లి నాన్న:

లాంగ్ టర్మ్ గురించి ఎవరూ సూటిగా చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. మా అబ్బాయిని 95 దగ్గర వస్తే లాంగ్ టర్మ్ పెట్టించాం. 97.8 వచ్చింది. అంటే పెరిగింది, కాదనను. కానీ ఆ ఏడాది వాడు మాతో మాట్లాడటం తగ్గించేశాడు. నెలకొకసారి వెళ్తే ఫోన్ చూసుకుంటూ కూర్చునేవాడు, ఎలా ఉన్నావంటే బానే ఉన్నాననేవాడు. పెట్టించేముందు వాణ్ణి అడగలేదు, వాడి ఇష్టం మాకు తట్టలేదు. మా పక్క ఫ్లాట్ అబ్బాయి తనంతట తనే లాంగ్ టర్మ్ కావాలన్నాడు, వాడికి కలిసొచ్చింది, మంచి ఐఐటీలో ఉన్నాడు. తేడా చదువులో కంటే అక్కడే ఉందని నా నమ్మకం. కాబట్టి మీ పాపని అడగండి, డీన్ లేని చోట అడగండి.

రూల్ కూడా తెలుసుకోండి. అడ్వాన్స్‌డ్ వరసగా రెండేళ్లే రాయనిస్తారు. ఈ ఏడాది రాస్తే ఇంకొక్కటే మిగులుతుంది. ఈ ఏడాది జోసాలో ఐఐటీ సీటు తీసుకుంటే మళ్లీ రాయడానికి ఉండదు.

ఇంకా తలుపులు ఉన్నాయి. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ జోసాలో ఉండదు, విడిగా అప్లై చెయ్యాలి. మెయిన్ ర్యాంకుతో తీసుకునే సీట్లు మన ర్యాంకుకి అందవు కానీ, బీటెక్‌తో పాటు ఎమ్మెస్ రీసెర్చ్ కలిసిన ఐదేళ్ల కోర్సుకి వాళ్లదే యూజీఈఈ అని పరీక్ష, ఆ తర్వాత ఇంటర్వ్యూ. లెక్కల మీద నిజంగా ఇష్టం ఉన్న పిల్లలు ప్రయత్నించాలి. బిట్స్‌కి బిట్‌శాట్, 390 మార్కులకి. ఈ రెండింట్లోనూ రిజర్వేషన్ లేదు. బిట్స్ ఫీజు నాలుగేళ్లకి ఇరవై లక్షలు దాటుతుంది, అప్లై చేసేముందే ఇంట్లో ఆ మాట అనుకోండి, సీటొచ్చాక పిల్ల ముందు వద్దనడం చాలా కష్టం.

ఫిజిక్స్ సార్:

కూకట్‌పల్లి వారితో నేను ఏకీభవిస్తాను. ఒక్కటి కలుపుతాను. రెండేళ్లలో చాప్టర్లు వదిలేసిన పిల్లలకి లాంగ్ టర్మ్ పనికొస్తుంది. అన్నీ చదివి అలిసిపోయి తప్పులు చేస్తున్న పిల్లలకి అదే తరగతి గది ఇంకో ఏడాది చూపిస్తే తప్పులు ఎక్కువే అవుతాయి. మీ పాప ఏ రకమో ఆ రెస్పాన్స్ షీట్ చూస్తే మీకే తెలుస్తుంది.

భీమవరం అమ్మ:

అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. నిన్న ఆదివారం వెళ్లొచ్చాను. రెస్పాన్స్ షీట్ పాప మెయిల్‌లో ఉంది, హాస్టల్ ఎదురు జిరాక్స్ షాపులో అదీ, కీ, ప్రింట్ తీయించాం. పులిహోర తీసుకెళ్లాను, మెట్ల మీద కూర్చుని తింటూ ఒక్కో నంబరూ నేను చదువుతుంటే తను టిక్కులు పెట్టింది. మొత్తం 128 మార్కులు. ఫిజిక్స్ 51, కెమిస్ట్రీ 54, మ్యాథ్స్ 23. మ్యాథ్స్‌లో పదిహేడు చేస్తే ఎనిమిదే కరెక్ట్, తొమ్మిది తప్పు.

ఆ తొమ్మిదీ మళ్లీ చేయించాను సార్. మూడు తెలిసి తప్పు. ఒకదాంట్లో చివరి లైన్లో మైనస్ వదిలేసింది, ఒకదాంట్లో వ్యాసార్థం అడిగితే వ్యాసం పెట్టింది. అది చూసి తనే తల కొట్టుకుంది. రెండు న్యూమరికల్ ఊహించి వేసింది. మిగతా నాలుగు తెలియవు, అందులో మూడు వెక్టర్స్, త్రీడీ నుంచే. ఆ చాప్టర్ చెప్పిన వారం తనకి జ్వరం, ఇంటికొచ్చేసింది, తిరిగెళ్లాక ఎవరూ మళ్లీ చెప్పలేదు. నాకు ఆ జ్వరం గుర్తుంది, పాఠం పోయిందని మాత్రం తెలియదు.

జోసా వరుసలు కూడా ఇద్దరం కలిసి చూశాం. సీఎస్ఈ దరిదాపుల్లో లేదు. మీరు చెప్పిన నాలుగు గడులూ కలిసిన వరుసల్లో కొన్ని మాకు దగ్గరగా ఉన్నాయి, మూడేళ్లవీ తన నోట్‌బుక్‌లో రాసుకుంది. సివిల్ అంటే నీకిష్టమేనా అని అడిగితే, ఊళ్లో యనమదుర్రు కాలువ మీద వంతెన కడుతుంటే చిన్నప్పుడు రోజూ వెళ్లి చూసేదాన్ని గుర్తులేదా అమ్మా అంది.

లాంగ్ టర్మ్ అడిగాను, డీన్ గారి గదికి దూరంగా గేటు బయట. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, వద్దమ్మా, ఏపీ ఎంసెట్‌లో ఏది వస్తే అది చదువుతాను, ఇక్కడ ఇంకో ఏడాది ఉండలేను అంది. ఆ మాట ఇన్నాళ్లూ నాతో అనలేకపోయింది. వచ్చేటప్పుడు ఆఫీసులో అడ్వాన్స్ కట్టడం లేదని చెప్పేశాను. మా ఆయన కేంద్రం జాబితాలో మా కులం చూశారు, ఉంది. ఏప్రిల్ 1న సర్టిఫికెట్‌కి పెడతాం.

మా ఊళ్లో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు వెక్టర్స్ ఫోన్‌లో చెబుతానన్నారు, కాలేజీ వాళ్లు రోజుకి ముప్పావుగంట ఫోన్ ఇస్తామన్నారు. ఏప్రిల్ రిజల్ట్ రాగానే ఇక్కడే రాస్తాను. బస్సెక్కేముందు పాప ఇంకో లాంగ్ నోట్‌బుక్ కావాలంది, ఆ తొమ్మిది లెక్కలతో మొదలుపెడతానని, కొనిచ్చి వచ్చాను.